రాజుగారి బావమరిది: ఐదు మార్కుల ప్రశ్న

ఆయన్ని అందరూ నోట్సు మాస్టారు అనేవారు గానీ, ఏ బడిలోనూ ఒక్క పూట పాఠం చెప్పిన మనిషి కాదు. జెరాక్సు కొట్టు వెనకగదిలో కాగితం కట్టల మధ్య ఒక బల్ల, ఒక కుర్చీ, తలకి తగిలేంత కిందికి వేలాడే ఒక బల్బు. అక్కడ కూర్చుని ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న సబ్జెక్టులన్నిటికీ నోట్సు రాసేవాడు. ఆయన చేతిరాతనే జెరాక్సు తీసి, అట్ట కుట్టి అమ్మేవారు. లెక్కలు, సైన్సు, చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆఖరికి డ్రాయింగుకి కూడా. డ్రాయింగుకి నోట్సేమిటని ఎవరైనా అడిగితే "కుండ బొమ్మ గీయుటలో మెలకువలు, నాలుగు పాయింట్లు" అని చూపించేవాడు. పిల్లలు కుండ గీయకుండా ఆ నాలుగు పాయింట్లూ రాసేసి మార్కులు తెచ్చుకునేవారు. ఏం చేస్తాం, వేసేవాళ్ళూ వేశారు.

రాసీ రాసీ ఆయనకి లోకమంతా పాయింట్లుగానే కనపడేది. ఇంటికి ఆలస్యమెందుకైందని భార్య అడిగితే "ఆలస్యానికి కారణాలు మూడు" అని మొదలుపెట్టేవాడు. ఆవిడ కోపంగా గిన్నె నేలకేసి దించితే "ఫలితాలు" అని గొణిగేవాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడ నవ్వేది. తర్వాత తర్వాత మూడో కారణం వినకుండానే లేచి వెళ్ళడం నేర్చుకుంది.

నోట్సుకి గిరాకీ పెరిగినకొద్దీ దొంగలూ పెరిగారు. ఎదురుకొట్టు జెరాక్సతను అదే నోట్సుకి అట్ట మార్చి అమ్ముకునేవాడు. నిలదీస్తే "చరిత్ర ఏమన్నా మీ తాతగారి సొత్తాండీ?" అని ఎదురు తిరిగేవాడు. అందుకని మాస్టారు ఒక ఎత్తు వేశాడు. ప్రతి సబ్జెక్టులోనూ తను కల్పించిన అబద్ధం ఒకటి దాచాడు. భూగోళంలో లేని కొండ, సైన్సులో మోచేతికి ఓ అదనపు ఎముక, లెక్కల్లో పొద్దున చేస్తే ఒక జవాబు, సాయంత్రం చేస్తే ఇంకో జవాబు వచ్చే లెక్క. ఆ అబద్ధం ఎవడి అట్ట కింద దొరికితే వాడే దొంగ.

చరిత్ర వంతు వచ్చిన రోజు ఆయన మనసు మనసులో లేదు. కారణం ఒక్కటే, బావమరిది. ఆ మహానుభావుడు నాలుగు రోజులుండి పోతానని చేతిసంచీతో దిగి, ఏళ్ళు గడుస్తున్నా కదిలే జాడ లేదు. ఉద్యోగం వెతుకుతున్నానంటాడు. ఆ వెతికేదేదో మాస్టారి కుర్చీలో కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని వెతుకుతాడు. ఆ పొద్దున మాస్టారి చెప్పులేసుకుని ఎటో పోయాడు. మాస్టారు భార్య చెప్పులు తొడుక్కుని, దారిలో ఎవరి మొహమూ చూడకుండా కొట్టుకి వచ్చాడు. ఆ చెప్పులతోనే కూర్చుని పాఠంలోని రాజుగారికి ఒక బావమరిదిని పుట్టించాడు.

"నాలుగు దినములుండి పోదునని కోటకు వచ్చి స్థిరపడెను. సింహాసనము ఖాళీగా కనిపించినచో దానిపై నిద్రించెను. రాజు పాదరక్షలు ధరించి వాహ్యాళికి పోయెను. యుద్ధ సమయమున కడుపునొప్పితో బాధపడెను. ఇతనివలన రాజ్యమునకు కలిగిన ప్రయోజనము: శూన్యము." రాసి, చాన్నాళ్ళకి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు.

నెల తిరక్కుండానే దొంగ దొరికాడు. మాస్టారు ఆ పేజీ పట్టుకుని రోడ్డు దాటి "ఇదిగో, ఈ బావమరిది నావాడు!" అని కేకేశాడు. ఎదురుకొట్టతను తాపీగా పేజీ చదివి "అంటే మీ నోట్సులో అబద్ధాలున్నాయన్నమాట. ఇదే మాట నలుగురిలోకీ వచ్చి గట్టిగా చెప్పండి, రేపట్నుంచి అమ్మడం మానేస్తాను" అన్నాడు. మాస్టారు పేజీ మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ రోడ్డు దాటి వచ్చేశాడు.

అబద్ధం మాత్రం ఆగలేదు. పాఠ్యపుస్తకం తిరగేసే ఓపిక లేని టీచర్లు ఆ నోట్సు చూసే బోర్డు మీద రాశారు. ఒక బడిలో గోడ మీద రాజుగారి పక్కన బావమరిది బొమ్మ వేశారు, మీసం రాజుగారి కంటే ఒత్తుగా పెట్టారు. ఇంట్లో మాస్టారి భార్య తమ్ముడితో "మీ బావ నిన్ను పుస్తకంలో రాజుగారి బావమరిదిని చేశారురా" అని ఒక్క ముక్క చెప్పి మిగతాది మింగేసింది. పుస్తకం కనపడితే పక్క గదిలోకి పోయే మనిషి కాబట్టి అతను విప్పి చూడలేదు. వీధిలో పిల్లలు తనని చూసి ముసిముసిగా నవ్వితే గౌరవమనుకున్నాడు. "మా బావ నన్ను చరిత్రకెక్కించాడు" అని కనపడినవాడికల్లా చెప్పుకుని మురిసిపోయాడు.

ఇంత చదువు పంచిన మాస్టారి నోట్సు చదవని పిల్ల అక్కడ ఒక్కతే. ఆయన కూతురు. "నువ్వు పాఠ్యపుస్తకమే చదువు తల్లీ" అని ఆయనే కట్టడి చేశాడు. పదో తరగతి పరీక్షలో చరిత్ర పేపరు విప్పేసరికి ఐదు మార్కుల ప్రశ్న: రాజుగారి బావమరిదివలన రాజ్యమునకు కలిగిన ప్రయోజనములను తెల్పుము. పిల్ల "అలాంటి మనిషి పుస్తకంలో లేడు, ప్రశ్నే తప్పు" అని రాసింది. సున్నా వేశారు. సరిగ్గా ఆ ఐదు మార్కుల దగ్గరే చరిత్ర తప్పింది. మిగతా అన్నిటిలో మంచి మార్కులొచ్చాయి, కోరుకున్న కాలేజీలో సీటూ వచ్చింది. ఈ వారంలో చరిత్ర పాసైనట్టు కాగితం చూపించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. పిల్ల ఏడవలేదు. "నిజం రాస్తే సున్నా ఎందుకొచ్చింది నాన్నా?" అని అడిగింది. మాస్టారికి ఒక్క పాయింటూ తోచలేదు.

మర్నాడే పరీక్షల ఆఫీసుకి పరిగెత్తాడు. గది నిండా జవాబు పత్రాల కట్టలు. అవి ఎగిరిపోతాయని ఫ్యాన్ వెయ్యరు. చెమట పత్రాల మీద పడుతుందని ఆఫీసరు మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

"అయ్యా, ఆ బావమరిది అబద్ధం. నేనే కల్పించాను. ఆ నోట్సు రాసింది నేనే" అన్నాడు మాస్టారు.

ఆఫీసరు ఆయన్ని కింద నుంచి పైకి చూశాడు. "ఇదివరకు కూడా ఇద్దరొచ్చారండీ, నోట్సు రాసింది మేమే అంటూ. ఆ నోట్సు చదివే నేనీ కుర్చీలో కూర్చున్నాను. అందులో ఉందంటే ఉన్నట్టే."

"పాఠ్యపుస్తకంలో లేదు కదండీ!"

"పాఠ్యపుస్తకంలో చాలా లేవు. మోచేతిలో అదనపు ఎముక ఉందా పాఠ్యపుస్తకంలో? నాకుంది." ఆఫీసరు మోచెయ్యి బల్లమీద పెట్టి చూపించాడు. "మనిషి లేడని మీరంటున్నారు. లేడనడానికి రుజువు తెండి, చూద్దాం."

లేని మనిషి లేడనడానికి రుజువు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మాస్టారు ఆలోచించీ చించీ, ఎవరిని చూసి కల్పించాడో ఆ మనిషినే తీసుకెళ్ళి నిలబెడదామనుకున్నాడు. ఇది రాజుగారి బావమరిది కాదు, నా బావమరిది అని చూపిస్తే ఎంత మొండివాడికైనా తెలియాలి కదా. మర్నాడు కూతుర్నీ, బావమరిదినీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని వచ్చాడు.

"ఇతనేనండీ, ఇతన్ని చూసే రాశాను" అన్నాడు మాస్టారు.

ఆఫీసరు దిగ్గున లేచాడు. "మీరేనా! కూర్చోండి, కూర్చోండి" అని తన కుర్చీయే జరిపాడు. బావమరిది మొహమాటం లేకుండా కూర్చున్నాడు. అలవాటైన పనే. టీ తెప్పించారు. "నిన్న లేడన్నారు, ఇవాళ మీరే తీసుకొచ్చారు. అంటే ఉన్నాడు" అన్నాడు ఆఫీసరు మాస్టారితో, కేసు తేలిపోయినట్టు.

"అమ్మాయీ, మనిషి ఉన్నాడా అన్న అనుమానం వల్ల నువ్వు జవాబు రాయలేదు. ఇప్పుడు కళ్ళారా చూశావు కాబట్టి ప్రశ్న మళ్ళీ అడగడానికి నాకు అధికారముంది" అన్నాడు ఆఫీసరు. నిజానికి మంచివాడే. "ఇతనివల్ల రాజ్యానికి కలిగిన ప్రయోజనాలు చెప్పు. ఒక్క మాట చాలు. 'శూ'తో మొదలవుతుంది."

ఫలితాలొచ్చాక పిల్ల నోట్సులో ఆ పేజీ చదివింది. జవాబు నాలుక చివరే ఉంది. ఒక్క మాట అంటే సీటు నిలబడుతుంది. అనమ్మా, అనెయ్ అని మాస్టారు కళ్ళతోనే బతిమాలాడు.

"చెప్పు తల్లీ, బెదరకు. నా గురించేగా" అన్నాడు మామయ్య, టీ గ్లాసు పక్కన పెట్టి ముందుకు వంగి.

పిల్ల అతని వైపు చూసింది. నోరు విప్పింది, అయితే ఆ మాటకి కాదు.

"అమ్మకి ఆపరేషనైనప్పుడు ఆసుపత్రిలో నేలమీద పడుకుంది మామయ్యేనండీ. నాకు సైకిలు నేర్పింది మామయ్య. నేను పడితే ముందు సైకిల్ని కొట్టేవాడు. అమ్మ మంచంలో ఉన్నన్నాళ్ళూ నాకు జడేశాడు, రాకపోయినా. బళ్ళో అందరూ నవ్వేవాళ్ళు, ఆ సంగతి మామయ్యకి చెప్పలేదు. పరీక్షలైనన్ని రోజులూ గేటు బయట ఎండలో నిలబడ్డాడు." ఆగింది. తండ్రి వైపు చూడకుండా మళ్ళీ అంది. "తల్లిదండ్రుల్ని బడికి పిలిచినప్పుడల్లా మామయ్యే వచ్చాడు. నాన్న వేరే పిల్లలకి నోట్సు రాస్తుండేవాడు. ఒకసారి టీచరు 'మీ నాన్నగారా' అంటే నేను ఔనన్నాను."

ఆఫీసరు సరైన జవాబులుండే కీ కాగితం ముందూ వెనకా తిప్పి చూశాడు. "ఇవేవీ కీలో లేవమ్మా. కీలో ఏముందంటే..." అని మొదట్నుంచీ చదివాడు. సింహాసనం మీద నిద్ర, చెప్పులు, కడుపునొప్పి, శూన్యం. బావమరిది కుర్చీలోంచి మెల్లగా లేచి గోడ పక్కన నిలబడ్డాడు. "నాలుగు రోజులనే వచ్చాను. అది నిజమే" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

మాస్టారికి సిగ్గుతో ఒళ్ళంతా కాలింది. ఊళ్ళో పిల్లలందరికీ కారణాలూ ఫలితాలూ రాసిపెట్టినవాడు, సొంత ఇంట్లో ఏం జరిగిందో కూతురి నోట వింటున్నాడు.

"ప్రయోజనం దగ్గర తప్పు రాశానండీ. దిద్దుతాను, కాగితం ఇప్పించండి" అన్నాడు.

ఆఫీసరు పోతే పోనీ అన్నట్టు కాగితం ఇచ్చాడు. మాస్టారు బల్లమీద వంగి "రాజ్యమునకు కలిగిన ప్రయోజనములు" అని శీర్షిక రాసి, కింద గీత కొట్టాడు. ఆ వాలు అక్షరాలు, ఆ గీత చూసి ఆఫీసరు మెడలో తువ్వాలు తీసేసి చేతులు కట్టుకున్నాడు. చిన్నప్పట్నుంచీ కళ్ళకద్దుకుని చదివిన రాత. "అయ్యా, మీరేనా!" అన్నాడు, ఈసారి మాస్టారితో. "నోట్సు మారితే కీ మారుతుంది. రాయండయ్యా. కాకపోతే చేతిరాత చెల్లదు, జెరాక్సు తీయించాలి."

"మళ్ళీ చెప్పమ్మా, మెల్లగా" అన్నాడు మాస్టారు.

పిల్ల చెప్పింది. ఆయన రాశాడు. రాణి అస్వస్థత, రాకుమారి సవారీ, జడ, కోటగుమ్మం దగ్గర ఎండ. ఐదోది వచ్చేసరికి కలం ఆగింది. ఆగి, రాసింది: "రాజు పరుల బిడ్డల పనిలో మునిగియుండగా, రాకుమారికి తండ్రియై నిలబడెను."

గోడ పక్కనుంచి బావమరిది వచ్చి మాస్టారి భుజం మీదుగా వంగి చూశాడు. జన్మలో మొదటిసారి ఒక పేజీ చివరిదాకా చదివాడు.

"బావా, ఆ ఆఖరిది కొట్టెయ్" అన్నాడు గుసగుసగా. "రేపు ఊరి పిల్లలంతా చదువుతారు. నీ పరువేం కాను?"

మాస్టారు కళ్ళు తుడుచుకుని కలం మూత పెట్టాడు.

"ఐదు మార్కుల ప్రశ్నరా. నాలుగు పాయింట్లకి ఐదు వెయ్యరు" అన్నాడు.