పెసరట్టు చల్లార్చిన ప్రార్థన

ప్రాచీన గ్రీకు తత్వశాస్త్రం మీద పీహెచ్‌డీ అనగానే మా మైలవరంలో అందరూ నన్ను చూసి జాలిపడ్డారు. ఎందుకో నాకు తర్వాత తెలిసొచ్చింది. ఫిలాసఫీ శాఖలో మా గైడు సారుకి గ్రీకు రాదు. బెజవాడలో గ్రీకు చెప్పడానికి నాకు దొరికింది బైబిలు కాలేజీలో రిటైరైన పాస్టరు అయ్యగారు. ఆయన్ని కో-గైడుగా వేశారు. సారేమో కరడుగట్టిన నాస్తికుడు. నా అధ్యాయమేమో ఆత్మకు చావు లేదనే ఒక పాత గ్రీకు వాదన మీద. ఇంకేం కావాలి!

ఆత్మే లేదు కాబట్టి వాదన తప్పని సారు. ఆత్మ ఉందిగానీ అది దేవుడి దయ, తర్కంతో తేలేది కాదు కాబట్టి వాదన తప్పని అయ్యగారు. ఒకరు దిద్దింది ఇంకొకరు కొట్టేసేవారు. నెలాఖరుకి గడువు అయిపోతోంది. ఇద్దరూ సరేననకపోతే నా ఇన్నేళ్ల చదువూ కృష్ణలో కొట్టుకుపోయినట్టే. అందుకే ఇద్దరినీ బతిమాలి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో ఒకే టేబుల్ ముందు కూర్చోబెట్టాను.

పెసరట్టు వచ్చింది. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. మా చర్చి సంఘాల్లో ఒక పద్ధతుంది. మొహం మీద అనలేనిది ప్రార్థనలో పెట్టి అనేస్తారు. ప్రార్థనకి ఎవరూ అడ్డం రాకూడదు కదా!

"కృపగల తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు. ఈ బిడ్డ తన అధ్యాయంలో తొందరపడింది, క్షమించు. ఆత్మే లేదంటున్న గైడుగారి మనోనేత్రాలు తెరువు..."

సారు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. మర్యాదస్తుడు మరి. చట్నీ వెయ్యడానికి వచ్చిన సర్వరు కూడా తలవంచుకుని నిలబడిపోయాడు.

ఆమెన్ అనగానే సారు అందుకున్నారు. "అయ్యగారూ, ఇందాక మీరన్న ఆ పాయింటు..."

"ప్రార్థనకి ఎదురు చెప్పకూడదండీ."

"అట్టాగా? అయితే నేనూ చేస్తానండీ," అంటూ మా నాస్తికుడు గభాల్న కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, మీరు లేరని మనవి. లేకపోయినా కాస్త వినండి. పాస్టరుగారు తర్కాన్నీ నమ్మకాన్నీ ఒకే రోట్లో వేసి రుబ్బేస్తున్నారు..."

అయ్యగారు ఒక కన్ను తెరిచి చూశారు. ఏం చెయ్యగలరు, పాపం! సారు ముగించగానే ఆయన మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాత మళ్లీ సారు. పెసరట్టు చల్లారి అట్టముక్కైపోయింది. నాకు కడుపు మండిపోయింది. నా అధ్యాయం గురించి దేవుడికి ఇన్ని చెప్పుకుంటున్నారు, పక్కనే ఉన్న నన్ను ఒక్క ముక్క అడగరే!

నేనూ కళ్లు మూసుకున్నాను.

"తండ్రీ, ఆ వాదన తప్పని ఈ పెద్దలిద్దరూ అంటున్నారు. నేనూ తప్పనే రాశాను. ఎందుకు తప్పో చివరి పేజీల్లో ఉంది. వీళ్లు అక్కడిదాకా చదవలేదు. చదివే ఓపిక వీళ్లకి దయచెయ్యి తండ్రీ."

కళ్లు తెరవాలంటే భయమేసింది.

"ఆమెన్," అన్నారు అయ్యగారు మెల్లగా.

ఆ వెనకే ఇంకో ఆమెన్ వినిపించింది. కళ్లు తెరిచి చూస్తే, సారు తలవంచుకుని చల్లారిన పెసరట్టు తుంచుతున్నారు.