ఒక్కసారి వంగిన గీత

మా పెద్దమ్మ ముప్పై రెండేళ్లు ఒక ఆసుపత్రిలో ఈసీజీలు తీసింది. డాక్టరు కాదు, నర్సూ కాదు. రోగిని మంచం మీద పడుకోబెట్టి, ఛాతీ మీద జెల్లీ రాసి, రబ్బరు బుడ్డీలు అంటించి, వైర్లు తగిలించి, గళ్ల కాగితం మీద గీత సరిగ్గా పడేదాకా కదలొద్దని గదమాయించే మనిషి. ఆ గదికి కిటికీ లేదు. ఒక మంచం, ఒక తెర, ఒక మిషను, గోడకి ఒక గడియారం. గీత ఎక్కడైనా అడ్డదిడ్డంగా పడితే ఆవిడ నోట్లోంచి వచ్చే మాట ఒకటే: "లీడ్ ఊడింది." అంటే వైరు ఒంటిని వదిలేసింది, మళ్లీ అంటించి మళ్లీ తీయాలని అర్థం.

ఆ మాటని ఆసుపత్రిలోనే వదిలిపెట్టి ఇంటికొస్తే బాగుండేది. కరెంటు పోతే లీడ్ ఊడింది. నేను లెక్కల్లో తప్పితే లీడ్ ఊడింది. నా పెళ్లి రెండేళ్లకే పెటాకులైనప్పుడు చుట్టాలందరూ తలో మాటా అని పోయారు. పెద్దమ్మ మాత్రం "లీడ్ ఊడిందిలేవే" అని నా చేతిలో టీ గ్లాసు పెట్టింది. అమ్మ అప్పటికే లేదు. పెట్టె సర్దుకుని ఆవిడ ఇంటికి వచ్చేశాను. పెళ్లెందుకు చేసుకోలేదు పెద్దమ్మా అంటే తీరిక దొరకలేదంటుంది. తీరిక దొరికాక తెలిసింది, ఆవిడతో వేగడం ఎంత కష్టమో.

రిటైరైన మొదటి నెలంతా నా నాడి పట్టుకునే కూర్చుంది. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. పొద్దస్తమానం ఎవడో ఒకడు బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కుతుంటే గుండె కొట్టుకోదూ మరి! "నీకు వేగంగా కొట్టుకుంటోందే" అని రోజూ ఒకటే నస. ఆ పోరు పడలేక నా పాత ల్యాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టి ఒక వెబ్‌సైట్ తెరిచిచ్చాను.

సంగతేమిటంటే, అంతరిక్షంలో ఒక టెలిస్కోపు వేల నక్షత్రాల వెలుగుని అదేపనిగా కొలుస్తూ ఉంటుంది. ఏదైనా గ్రహం తన నక్షత్రానికీ మనకీ మధ్యగా వెళితే, ఆ కాసేపూ వెలుగు రవ్వంత తగ్గుతుంది. గ్రాఫులో గీత వంగుతుంది. ఎంత వంగిందో చూస్తే గ్రహం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎన్నాళ్లకోసారి వంగుతోందో చూస్తే నక్షత్రానికి ఎంత దూరంలో ఉందో, మాడిపోకుండా, గడ్డకట్టకుండా నీళ్లు నిలిచే చోటో కాదో తెలుస్తుంది. కంప్యూటర్లు చూడనే చూస్తాయి. అవి వదిలేసినవి పట్టుకోవడానికి మామూలు మనుషుల కళ్లు కూడా కావాలని ఆ ప్రాజెక్టువాళ్లు అడుగుతున్నారు.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని తెర వంక చూసింది. "ఇదీ ఈసీజీయేగా!" అంది.

అంతే, ఇక ఆవిడ నా నాడి జోలికి రాలేదు. పొద్దున్నే స్నానం చేసి, డ్యూటీకి వెళ్తున్నట్టు జడ బిగించి, వంటింటి పక్క గదిలో బల్ల ముందు కూర్చునేది. రోజుకి రెండు వందల నక్షత్రాలు. అన్నీ ఆవిడకి రోగులే. "ఈ ముసలాయన వణుకుతున్నాడు. ఈ పిల్లకి నిలకడ లేదు. ఇదిగో, ఈయనకి ఏ జబ్బూ లేదు, వెళ్లమను." నేను భోజనానికి వచ్చేసరికి సగం ఆకాశం ఇంటికి పంపించేసి ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం ప్రాజెక్టువాళ్లకీ ఆవిడకీ పడలేదు. గీత ఒక్కసారే వంగితే ఆ చోట గుర్తు పెట్టొద్దు, కనీసం రెండుసార్లు వంగితేనే పెట్టమని వాళ్ల నియమం. ఒక్కసారి వంగింది కెమెరా తప్పు కూడా కావచ్చు, రెండోసారి వస్తేగానీ ఎన్నాళ్లకోసారో తెలియదు. పెద్దమ్మ ఒక్కసారి వంగినవాటన్నిటికీ గుర్తు పెట్టేది. దయచేసి అలా చేయవద్దని వాళ్లు ఎంతో మర్యాదగా రాశారు. చదివి వినిపించాను. విని, తలూపి, మర్నాడు మళ్లీ పెట్టింది.

ఒక శనివారం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. మన సూర్యుడిలో మూడో వంతు కూడా లేని ఒక మసక నక్షత్రం. దాదాపు నెల రోజుల రికార్డు. పంతొమ్మిదో రోజున గీత మూడు గంటల పాటు దిగి, సాసర్ అడుగులా చదునుగా ఉండి, మళ్లీ పైకొచ్చింది. వెలుగు తగ్గింది వెయ్యింట ఒక వంతు. సైట్‌లో ఇచ్చిన పట్టిక చూస్తే, అంత చిన్న నక్షత్రానికి అంత వంపు అంటే అడ్డొచ్చింది మన భూమంత గ్రహం. అది నెలకో, ఇంకాస్త ఎక్కువకో ఒకసారి తిరుగుతుంటే నీళ్లు నిలిచే దూరమే.

"దీని గురించి వాళ్లకి ఉత్తరం రాయవే. గుర్తు పెడితే చాలదు, తీసేస్తారు. మనిషెవరైనా కూర్చుని చూడాలి" అంది. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. గిన్నెల మూతలు కూడా తీయలేదు.

ఆ రోజు నా శిష్యుడొకడు కారు తీసుకెళ్లి గోడకి కొట్టాడు. ఒళ్లు మండిపోతోంది. "ఒక్కసారేగా వంగింది? లీడ్ ఊడింది పెద్దమ్మా, పారేయ్" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ నాన్నది ఒక కాగితం నేనే పారేశానే" అంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న పోయాడు. గుండె నొప్పి అని తెలుసు. అంతకు రెండు రోజుల ముందు ఆసుపత్రిలో చూపించుకున్నాడని మాత్రం తెలియదు. భుజం లాగుతోందని వెళ్లాడట. ఈసీజీ తీసింది పెద్దమ్మే. జెల్లీ చల్లగా ఉందనీ, చక్కిలిగింతలు పెడుతోందనీ నాన్న ఒకటే నవ్వట. "ఊరుకోండి మరిదిగారూ, గీత పాడవుతుంది" అంటూనే మీట నొక్కిందట. రెండు చోట్ల గీత కిందికి వంగింది. లీడ్ ఊడిందనుకుంది. మళ్లీ అంటించి తీస్తే చక్కగా వచ్చింది. మంచి గీత ఒక్కటే ఫైల్లో పెట్టాలి, పాడైంది చించెయ్యాలి. అది అక్కడి పద్ధతి. చించేసింది. డాక్టరు రెండోది చూసి, ఏం లేదు ఇంటికెళ్లమన్నాడు.

"ఊడిందో లేదో చెయ్యి పెట్టి చూడలేదే. ఊడిందనుకున్నాను. అంతే. మీ అమ్మకి చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. అది పోయేదాకా నోరు పెగల్లేదు."

సానుభూతి చూపించాల్సిన సమయమే. నాకు చేతకాలేదు. నన్ను స్కూల్లో చేర్చింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, నిలువ నీడ లేకపోతే ఇంట్లో పెట్టుకుంది ఈవిడే. అయినా కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇదంతా ఆ కాగితానికి బదులుగా చేసిందా అని పాడు అనుమానం కూడా వచ్చింది. నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోలేదు. ఆవిడ వండి పెట్టేది, నేను తిని లేచిపోయేదాన్ని. ఆ నాలుగు రోజులూ ఆవిడ ల్యాప్‌టాప్ మూత తీయలేదు.

ఐదో రోజు పొద్దున బల్ల మీద ఆ మూత కనిపించింది. దాని మీద సన్నటి దుమ్ము. ఆవిడ ఇంట్లో దుమ్ము ఎప్పుడూ చూడలేదు నేను. నాకు చాలా బాధేసింది. కూర్చుని ఉత్తరం రాశాను. నక్షత్రం నంబరు, పంతొమ్మిదో రోజు, మూడు గంటలు. కింద ఇంకో మాట చేర్చాను: "చూసింది ముప్పై రెండేళ్లు గుండె గీతలు చూసిన మనిషి. మీ నియమం మాకు తెలుసు. ఈ ఒక్కటి పారేసే ముందు ఎవరైనా చూడండి." పంపించానని ఆవిడకి చెప్పాను. మధ్యాహ్నానికి మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది.

మూడు వారాలు పట్టింది. ఈలోగా ఆవిడకంటే నాకే ఆత్రం ఎక్కువైంది. క్లచ్ వదలమని చెప్పాల్సిన చోట చెప్పడం మానేసి ఫోన్ చూసుకుంటూ ఉన్నాను. ఆ గ్రహం ఉండి తీరాలి, అది దొరికితే పెద్దమ్మకి ఊపిరాడుతుంది. నాకు కావలసిందల్లా అదే.

జవాబు రాసింది అక్కడి పరిశోధకురాలు ఒకావిడ. ఆదివారం కూడా కూర్చుని చూశారట. సరిగ్గా అదే మూడు గంటల్లో చుట్టుపక్కల పదకొండు నక్షత్రాల గీతలు కూడా అలాగే వంగాయట. టెలిస్కోపు గురి సర్దుకునేటప్పుడు కెమెరా కదిలిందన్నమాట. గ్రహం కాదు. అంత శ్రద్ధగా చూసినందుకు కృతజ్ఞతలని రాసింది.

చదివి వినిపించాను. పెద్దమ్మ కుదురుగా వింది.

"లీడ్ ఊడిందన్నమాట" అంది.

నేనింక ఆగలేకపోయాను. "అయితే ఆ రోజు నాన్నది కూడా ఊడే ఉంటుంది పెద్దమ్మా. నవ్వాడన్నావుగా."

"ఉండొచ్చు" అంది. "వీళ్లు చూసి పారేశారు. నేను చూడకుండా పారేశాను."

వంటింట్లోంచి స్టూలు తెచ్చి ఆవిడ పక్కన వేశాను. "కాస్త జరుగు" అన్నాను. జరిగింది. కళ్లజోడు తుడుచుకోబోతే నేనే తీసుకుని నా కొంగుతో తుడిచి ఇచ్చాను. ఆవిడ తర్వాతి నక్షత్రం తెరిచింది. చుక్కలు చుక్కలుగా గీత. ఎనిమిదో రోజు దగ్గర ఏదో కాస్త దిగినట్టనిపించింది నాకు.

"ఇక్కడ వంగిందా పెద్దమ్మా? లేక లీడ్ ఊడిందంటావా?"

ఆవిడ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"ఏమో" అంది. "గుర్తు పెట్టు."