గోడకు ఆనిన చెంప

మా మామయ్య ఏ ఇంటికెళ్ళినా ముందు గోడకు చెంప ఆనించి, తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. మట్టి గోడలు కట్టడం ఆయన పని. గోడలోని తడి చేతికంటే చెంపకే బాగా తెలుస్తుందట. అందుకే ఆయన ఎడమ చెంపది మనిషి రంగు, కుడి చెంపది మట్టి రంగు.

అత్తను పెళ్ళిచూపుల్లో చూడ్డానికి వెళ్ళిన రోజు కూడా అంతే. "పిల్ల నచ్చిందా?" అని వాళ్ళ నాన్న అడిగితే, "పడమటి గోడ అడుగున తడి పీలుస్తోందండీ," అన్నాడు.

"ఈయన పెళ్ళాడింది మా గోడని," అని అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

మా వీధి చివర బట్టలు కుట్టే కుట్టుమిషనక్క తన మట్టి గోడకు సిమెంటు పూయించింది. గోడ అద్దంలా మెరిసింది.

"దానికి ఊపిరాడదమ్మా. కింద పీల్చిన తడి బయటికెలా పోతుంది? లోపలి మట్టి మళ్ళీ బురదైపోతుంది," అన్నాడు మామయ్య.

"ఎన్నాళ్ళ ముచ్చటో ఇది! నీ నోట మంచిమాటే రాదా అన్నయ్యా? ఇకమీదట బట్టల పనుంటేనే రా!"

ఆ వానాకాలమంతా మామయ్య చొక్కాకు గుండీలు నిలవలేదు. రోజూ చొక్కా పట్టుకుని వెళ్ళడం, అక్క సూదిలో దారం ఎక్కించేలోపు గోడకు చెంప ఆనించడం.

"గుండీలా, గాలివానకు రాలే పిందెలా?" అని అత్త నవ్వేది.

మూడు రోజులుగా ముసురు. ఆకాశం పిండని గుడ్డలా వేలాడుతోంది. ప్యాంటు పొడవు తగ్గించుకుందామని ఆ మధ్యాహ్నం నేనూ వెళ్ళాను. మామయ్య గోడకు చెంప ఆనించి, చటుక్కున వెనక్కి తీశాడు.

"లే అమ్మా! ఒరే, మిషను లాగు!"

"మళ్ళీ మొదలెట్టావా అన్నయ్యా?" అంటూనే ఉంది అక్క. మామయ్య ఆమెను చెయ్యిపట్టి లాగేశాడు, నేను మిషను ఈడ్చాను. మేం గుమ్మం దాటామో లేదో, అక్క రోజంతా కూర్చునే చోట గోడ పాలలో నానిన రొట్టెలా కూలబడింది.

ఆ విసురుకు మామయ్య జేబు చిరిగి గుండీలు జలజలా రాలాయి. వాటి వెనకే ఓ చిన్న కత్తెర. అక్క ఒక గుండీ తీసి, దారం కొస చూసింది.

"ఊడినవి కావివి... కోసినవి!"

మామయ్య నావైపు తిరిగాడు. "కత్తెర మీ అత్తదిరా. చెప్పకు."

వానలు తగ్గాక ఆయనే కొత్త గోడ కట్టి, మట్టితోనే పూత పూశాడు. అక్క కొత్త చొక్కా కుట్టి చేతిలో పెట్టింది. మెడలోంచి తొడుక్కునేది. వెతికినా ఒక్క గుండీ లేదు.

"ఇక ఊరికే రా అన్నయ్యా."

మామయ్య గోడవైపు తిరిగి చెంప ఆనించాడు. ఎంతసేపటికీ తీయలేదు.

"ఇంకా కాస్త తడుందమ్మా. రేపు మళ్ళీ వచ్చి చూడాలి," అన్నాడు.

గోడ ఆరి అప్పటికి పది రోజులు.