కేరేజీల సయామ

మా సయామ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆ రోజు మా వీధికి కరెంటు మధ్యాహ్నం ఇచ్చారు. సాయంత్రానికి తీసేస్తారు కాబట్టి నీళ్లు ఎక్కించడం, అన్నం వండటం, ఇస్త్రీ, అన్నీ ఆ కాసేపట్లోనే. ఫోన్ చేసింది ఖైన్. బిజినెస్ స్కూల్లో నా పక్కన కూర్చుని చదువుకుంది. ఇప్పుడు ఆ స్కూలు ఆఫీసులోనే పనిచేస్తోంది. "సయామ భోజనం చేసి పడుకున్నారట. మళ్లీ లేవలేదట," అంది. నేను "సరే" అన్నాను. ఫోన్ పెట్టేసి, చొక్కాకి మిగిలిన రెండో చెయ్యి కూడా ఇస్త్రీ చేశాను. తర్వాత ఇంకో చొక్కా తీసుకున్నాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "ఏటయిందే? ఎవులు ఫోను?"

"సయామ పోయారమ్మా."

"ఏ సయామ? కేరేజీల సయామా?" అమ్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. "మొన్ననే కదే, మీ అత్త కొట్లో కూకుని పప్పన్నం తినీసి ఎల్లింది."

అమ్మ అన్నది నిజమే. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

సయామ అంటే బర్మా భాషలో పంతులమ్మ. యాంగోన్‌లో ఉన్న పంతులమ్మలందరూ సయామలే. కానీ పబేడాన్‌లో కూరన్నం కొట్లున్న మా వీధిలో కేరేజీల సయామ అంటే ఒక్కరే. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశారు. నాన్న తెలుగువారు, అమ్మ బర్మా ఆవిడ. ఇంట్లో బుద్ధుడికి దీపం పెట్టుకునేవారు. తెలుగు మాత్రం నాయనమ్మ దగ్గర నేర్చుకున్నారు.

బిజినెస్ స్కూల్లో మొదటి రోజు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగారు. క్లాసు అయ్యాక వరండాలో పక్కకి వచ్చి, "ఏటమ్మా, మనోలేనా?" అని మెల్లగా అడిగారు. నాకు తెలుగు వింటే అర్థమయ్యేది, నోరు తిరిగేది కాదు. బర్మాలోనే జవాబు చెప్పాను. "పర్లేదు. అర్దమయితే సాలు," అన్నారు. కానీ ఆ తర్వాత మేమిద్దరమే ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ బర్మా మాట్లాడలేదు. గుడిలో ఆదివారం బడి నాకు అక్షరాలు నేర్పింది. మాట ఆమె దగ్గర వచ్చింది.

మేం లేచి ఏదైనా చెబుతున్నప్పుడు ఆమె మా వైపు చూసేవారు కాదు. కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ వినేవారు. మొదట్లో పట్టించుకోవడం లేదనుకున్నాం. మాట తడబడేవాళ్ల మీద తన కళ్లు ఉండకూడదని అలా చేసేవారని తర్వాత తెలిసింది. ఒక్క మాటా వదిలేవారు కాదు.

ఆఖరి సంవత్సరంలో విద్యార్థులే ఒక పర్యావరణ ప్రాజెక్టు ఎంచుకుని నడపాలి. మా గుంపుకి నాయకుడు తెట్ అనే కుర్రాడు. వాడు మొదటి సమావేశంలోనే బ్యానరు, టీషర్టుల రంగు మాట్లాడాడు. సయామ అంతా విని, "టీషర్టుతో మొదలైన పని టీషర్టు దగ్గరే ఆగిపోతుంది. ముందు నడవండి," అన్నారు. నడిచాం. పబేడాన్‌లో మధ్యాహ్నం వేళ ఆఫీసుల వాళ్లు పట్టుకెళ్లే పార్సిళ్లన్నీ తెల్లటి ఫోము డబ్బాల్లో ఉండేవి. వాన పడితే అవే డబ్బాలు కాలవలకి అడ్డంపడి వీధంతా మురుగు నీళ్లయ్యేది. వాటి బదులు కేరేజీల్లో అన్నం ఇచ్చి, మర్నాడు ఖాళీ కేరేజీ తెచ్చుకుందామనుకున్నాం. మా మేనత్తకి అక్కడ కూరన్నం కొట్టుంది. ఒప్పుకుంది. ఇంటింటికీ తిరిగి పాత కేరేజీలు అడిగాం. తిరిగి ఇచ్చేస్తామని చెప్పి తెచ్చాం. ఖైన్ వాళ్ల అమ్మమ్మ నీలం పూల ఎనామిల్ కేరేజీ ఇచ్చింది.

మొదటి వారం బాగా జరిగింది. ఫోటోలు తీసుకున్నాం. తర్వాత కేరేజీలు తిరిగి రావడం తగ్గింది. కొందరు ఇంటికి పట్టుకుపోయారు, కొందరు ఆఫీసులో బల్లల కింద వదిలేశారు. ఒకతను గిన్నెలో మొక్క పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి అత్త చేతులెత్తేసింది.

"గిన్నెలు తిరిగి రాకపోతే అన్నం ఎందులో పెట్టాల? నానేటి సెయ్యాల? నాకు ఆ డబ్బాలే నయిం."

ఆ సంగతి సయామకి చెప్పినప్పుడు ఆమె కోప్పడలేదు. గొడుగు తీసుకుని "పదండి" అన్నారు. లిఫ్టులు పనిచెయ్యని ఆ పాత భవనాల మెట్లన్నీ మాతో పాటు ఎక్కారు. ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ ఆయాసం తీర్చుకుని, నవ్వుతూ అడిగారు. చాలా కేరేజీలు దొరికాయి. మొక్క పెట్టుకున్నతను మొక్కతో సహా ఇచ్చేశాడు. నీలం పూలది మాత్రం దొరకలేదు.

తెట్ కొత్త స్టీలు కేరేజీ కొని పట్టుకెళ్దామన్నాడు. సయామ వద్దన్నారు.

"ముందు వెళ్లి చెప్పండి. చేతిలో కొత్తది పెడితే ఆవిడకి బాధపడే వీలు కూడా ఉండదు."

"మీరు చెప్తారా సయామ?" అంది ఖైన్.

"మాట ఇచ్చింది మీరు. నేను పక్కన కూర్చుంటాను."

ఆ ఇంట్లో చాప మీద కూర్చున్నాం. ఖైనే చెప్పింది. అమ్మమ్మ "పోయిందా" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది. మేం లేవబోయాం. సయామ కదల్లేదు, మమ్మల్నీ కదలనివ్వలేదు. చాలాసేపటికి ఆవిడ బయటికి వచ్చింది. అప్పుడు సయామ, "అందులో ఏం పెట్టేవారు?" అని అడిగారు. అహ్లోన్ రేవులో పనిచేసే భర్తకి రోజూ అందులోనే భోజనం పంపేదట. ఎండుచేపల పులుసు, గోంగూర కూర. ఆయన పోయాక దాన్ని మళ్లీ ఎప్పుడూ నింపలేదట. మాకు ఇచ్చినప్పుడు, ఎవరో ఒకరు అందులో తింటారని సంతోషపడిందట. ఖైన్‌కి కూడా ఆ సంగతులేవీ తెలియవు. చీకటి పడేదాకా ఆవిడ చెప్పింది, మేం విన్నాం. ఆవిడ మమ్మల్ని క్షమించిందో లేదో మాటల్లో అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "అందర్నీ ఇంటి నుంచే తెచ్చుకోమంటే సరిపోయేది కదా, ఎవరి గిన్నె వాళ్లు జాగ్రత్తగా చూసుకుంటారు," అంది.

మెట్లు దిగుతూ సయామ నాతో తెలుగులో, "ఇన్నావా? అదీ ప్రాజెక్టు," అన్నారు.

తర్వాత అలాగే చేశాం. ఎవరి కేరేజీ వాళ్లే తెచ్చుకోవాలి. తెచ్చినవాళ్లకి అత్త ఓ గరిటె పప్పు ఎక్కువ వేస్తుంది. స్కూలు పోటీలో మా గుంపు జరిగిందంతా దాచకుండా చెప్పింది, పోయిన కేరేజీతో సహా. బహుమతి రాలేదు. కేరేజీలు మాత్రం నిలిచాయి. పక్క కొట్ల వాళ్లూ పప్పు ఎక్కువ వెయ్యడం మొదలుపెట్టారు.

తర్వాతి సంవత్సరాల సంగతి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సైన్యం పగ్గాలు పట్టాక క్లాసులు ఆగాయి, మళ్లీ నడిచాయి. తెట్ సరిహద్దు దాటి బ్యాంకాక్ చేరాడు. చాలామంది వెళ్లిపోయారు. సగం బెంచీలు ఖాళీగా ఉన్న గదిలో సయామ పాఠం చెబుతూనే ఉన్నారు. కొత్త బ్యాచ్ పిల్లలు ఇదే పనిని లైంగ్‌థార్యార్‌కి తీసుకెళ్లారు, బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిల హాస్టళ్లకి. పికప్ బండి వెనక కమ్మీ పట్టుకుని, ఆ పిల్లల మధ్య నిలబడి ఆమె కూడా వెళ్లేవారు.

చివరిసారి అత్త కొట్లో కలిసినప్పుడు సయామ ముఖం ఉబ్బి ఉంది. రెండు ముద్దలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

"డాక్టరుకి చూపించుకున్నారా సయామ?"

"సూపించాను. గుండె అన్నారు."

"నేను తోడు వస్తాను. రేపు వెళ్దాం."

"ఈ బేచీ అవనీ అమ్మా. ఆల్లు ఆరుగురే ఉన్నారు. మద్దిలో వదిలీలేను."

నేను ఇంకోసారి అడిగాను. అత్త వేసిన పప్పు బాగుందన్నారు ఆమె. మా చివరి మాట అదే.

దహనానికి వెళ్లాను. ఎండగా ఉంది. ఎవరో నా చేతిలో నీళ్ల సీసా పెట్టారు. దాని మీద రాసి ఉన్నదంతా చదివాను, మళ్లీ చదివాను. మర్నాడు ఆఫీసుకి వెళ్లాను. ఎవరూ ఏమీ అడగలేదు, నా ముఖంలో అడగడానికి ఏమీ కనబడి ఉండదు. కృతజ్ఞత అనే మాట రాయాలని కూర్చున్నాను. ఆ మాట వస్తోంది, దాని వెనక రావలసింది రావడం లేదు.

ఏడో రోజు అహ్లోన్‌లో సయామ చెల్లెలి ఇంట్లో భిక్షువులకి భోజనం పెట్టారు. మూడో అంతస్తు. లోపల చోటు లేదు. మా బ్యాచ్ వాళ్లు, మా ముందు వాళ్లు, లైంగ్‌థార్యార్ నుంచి పని మానుకుని వచ్చిన అమ్మాయిలు. తెట్ బ్యాంకాక్ నుంచి ఫోన్‌లో ఉన్నాడు, ఖైన్ ఆ ఫోన్‌ని ఎత్తి పట్టుకుంది. ప్రార్థన మధ్యలో పెద్ద వాన మొదలైంది. భిక్షువుల గొంతు వినబడలేదు. అయినా అందరం చేతులు జోడించే ఉన్నాం.

అంతా అయ్యాక బయటికి వస్తే గుమ్మం దగ్గర నా చెప్పులు లేవు. గుమ్మం ముందు చోటు చాలక జనం మెట్ల మీద విప్పారు. మెట్టు మెట్టుకీ చెప్పులే. రబ్బరువి, వెల్వెట్ పట్టీలవి, బురద అంటినవి. వెతుక్కుంటూ రెండో అంతస్తుకి దిగాను, అక్కడా చెప్పులే. మొదటి అంతస్తులోనూ. కింద వీధి గుమ్మం దాకా ఉన్నాయి. పక్కింటివాళ్లు ఎవరో అడుగు పెట్టడానికి దారి ఉండేలా వాటిని గోడవారగా జతలు జతలుగా సర్ది ఉంచారు.

నావి కనబడలేదు. వట్టి కాళ్లతో వీధిలోకి వచ్చి నిలబడ్డాను. వాన వెలిసింది. నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి, చల్లగా. ఆ చల్లదనం నాకు తెలిసింది. పైన మెట్ల మీద ఎవరో నవ్వుతూ, ఎవరో ముక్కు చీదుతూ, ఒక్కొక్కరూ తమ జత వెతుక్కుంటూ దిగుతున్నారు.