కాకరపువ్వు రొయ్యపొడి

నా చిన్నప్పుడు ఫిషింగ్ హార్బరు పక్కనున్న మా పేటలో ఏ పడవ చూసినా దాని మీద గంగమ్మ పేరే ఉండేది. అన్నిటికీ ఒకే పేరైతే తికమక కాదా అని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతారు. కానే కాదు. రంగు చూసి, ముక్కు వంపు చూసి, చివరికి ఇంజను చప్పుడు విని కూడా ఎవరి పడవో చెప్పేసేవాళ్లం. అమ్మవారి పేరు అందరిదీ. దాని కోసం ఎవరూ ఎవరితోనూ దెబ్బలాడింది లేదు.

మా నాన్నకు నడుం పట్టేసి ఇక వేటకు వెళ్లలేని పరిస్థితి వచ్చినప్పుడు, పడవలో తన వాటా అమ్మేశాడు. మా అమ్మ చేసే రొయ్యపొడంటే పేటంతా చెవి కోసుకునేవాళ్లు. దాన్ని పొట్లాలు కట్టి కొట్లకు వేద్దామని, ఆ వాటా డబ్బుతో కవర్లు అచ్చు వేయిద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఆ డబ్బు కాస్తా పోతే మాకు వేరే దారి లేదు. పేరేం పెడదామన్న ప్రశ్నే రాలేదు. తుఫానులో తనను ఒడ్డుకు చేర్చిన తల్లి పేరు తప్ప మా నాన్న నోట ఇంకోటి వస్తుందా? గంగమ్మ రొయ్యపొడి అన్నాడు, అంతే.

మా మేనత్త, అంటే నాన్నకు అక్క, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగే మనిషి. ఆ పేరు విని ఊ అనలేదు, ఆ అనలేదు. తమ్ముడి మొండితనం ఆవిడకు తెలియనిదా! మర్నాడు ప్రెస్సులో అడ్వాన్సు ఇచ్చి రావడానికి నాన్న చొక్కా వేసుకుంటుంటే సరిగ్గా అప్పుడొచ్చి అరుగు మీద కూర్చుని, నన్ను పిలిచింది.

“ఒలే, పెద్ద రోడ్డు మీద కొట్టుకెల్లి గంగమ్మ రొయ్యపొడి ఓ పొట్లం అట్టుకురా.”

మన పొడి ఇంకా ఇంట్లోనే ఉంది కదా అని అడిగే బుద్ధి నాకెక్కడిది? పరిగెత్తాను. అడగ్గానే కొట్టాయన తీసిచ్చాడు. పచ్చటి కవరు, మీద అమ్మవారి బొమ్మ. నా సంతోషం చూడాలి! “నాన్నా, మన పొట్లాలు అప్పుడే కొట్లోకి వచ్చేసినాయి!” అని వీధి మొగలోంచే అరుచుకుంటూ వచ్చాను.

అది మాది కాదు. ఊళ్లో ఎవరో వ్యాపారి ఎప్పటినుంచో అమ్ముతున్న సరుకు. ఆ పేరు తమకు రిజిస్టరు అయిందని కింద చిన్న అక్షరాల్లో రాసుంది కూడా. మా పేటలో రొయ్యపొడి కొట్లో కొనుక్కునేవాళ్లు ఎవరుంటారు గనక? మాకు దాని సంగతే తెలియదు.

“నీ కన్నకూతురే దాన్ని నీ సరుకనుకుంది” అంది మా మేనత్త. “రేపు నీ సరుకుని ఆలదనుకోరేటి? కవర్లన్నీ అచ్చేసినాక ఆలు కోర్టుకెల్తే ఏటి సేత్తావు?”

“అమ్మోరు అందరికీ అమ్మోరే కదప్పా. పేరు తీసేత్తే తల్లికి కోపం రాదా?” అన్నాడు నాన్న. కోర్టు కన్నా ఆయనకు అదే పెద్ద భయం.

“తల్లిని గుండెల్లో ఎట్టుకోరా తమ్ముడూ. పడవైతే రంగు సూసి నీదంటారు. పొట్లానికి పేరు తప్ప ఇంకేటుంది?”

నాన్న చొక్కా విప్పి దండెం మీద వేశాడు. కాసేపటికి వంటింట్లోంచి మా అమ్మ, “కాకరపువ్వు అని ఎడితే?” అంది. దీపావళి దగ్గర పడుతోంది, నేను కాకరపువ్వొత్తుల కోసం ప్రాణం తీస్తున్నాను, ఆ గోలలో అమ్మకు తట్టిందేమో. రొయ్యలకీ కాకరపువ్వుకీ ఏం సంబంధం? మా మేనత్త కళ్ల నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వి, “సంబంధం లేదు గనకే బాగుంది” అంది.

అలాగని ఊరికే ఒప్పుకోలేదు. తాను తిరిగే వీధుల్లోని కొట్లన్నిటిలో వాకబు చేసింది. ఒక వకీలుగారి చేత, సరుకుల పేర్లు రిజిస్టరు చేసే మద్రాసు ఆఫీసులో వెతికించింది. జవాబు వచ్చేదాకా నాన్నకు అన్నం సయించలేదు. ఆ పేరు ఎవరికీ లేదని వకీలుగారు కబురు పంపిన రోజు, హమ్మయ్య, మా ఇంట్లో అందరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం. అప్పటికింకా ప్రెస్సుకు డబ్బు కట్టలేదు, ఒక్క కవరూ అచ్చు కాలేదు గనక పోయిందేమీ లేదు. నాన్న గంగమ్మ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చి, పగటిపూటే గుర్రుపెట్టి నిద్రపోయాడు.

మొన్న మా మనవరాలు ఇంట్లో కేకులు చేసి అమ్ముతానంటూ ఓ ముద్దొచ్చే పేరు చెప్పింది. పేరు బాగుందే, ముందు అది ఇంకెవరికైనా ఉందేమో చూడవే తల్లీ అన్నాను. ఫోనులో వెతికి, మూతి ముడుచుకుని, ఆ పేరు వదులుకుంది. తిట్టుకుంటే తిట్టుకోనీ, నాకేం.

అప్పట్లో మా కాకరపువ్వు పొట్లాలు కొట్లలోకి వచ్చిన కొన్నాళ్లకు నాన్న నన్ను సబ్బవరం సంతకు తీసుకెళ్లాడు. అక్కడొక ముసలావిడ, మేమెవరమో ఆవిడకు తెలియదు, కొట్టువాడు ఇచ్చిన ఇంకేదో రొయ్యపొడి పొట్లం వెనక్కి తోసేసి, “ఇది కాదు బాబూ, కాకరపువ్వుదే ఇయ్యి” అంది. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు నాకింకా తెలుస్తూనే ఉంది.