తుప్పు మరకల ఆకుపచ్చ కోక

రెండువేల ఇరవై రెండో సంవత్సరం, మే నెల. ప్రొద్దుటూరులో గుడ్డల అంగళ్ళ వెనక సందులో, మా ఇంటి వసారాలో కుట్టుమిషను వేసుకుని అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు దాటింది. కొత్త బట్టలు కుట్టడం నా పని కాదు. పాత చీరలతో బొంతలు కుడతాను, చిరిగినవాటికి రఫూ చేస్తాను. రఫూ అంటే చిరుగు మీద అతుకు వేయడం కాదు. ఆ బట్టకే కుట్టు వెనక మడిచి వదిలిన గుడ్డ ఉంటుంది, దాన్ని మార్జిన్ అంటాం. అందులోంచి పోగులు లాగి, చిరిగినచోట మళ్ళీ నేసినట్టు సూదితో అల్లాలి. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఈ పని పక్కింటి ఖాసింబీ అక్క నేర్పింది. ఆమె మొదటిరోజే ఒక మాట చెప్పింది: "గుడ్డ యాడ అరిగిందో చూడు, దాన్ని తొడిగిన మనిషి తెలుస్తాది."

ఆ మాట నిజం. సైకిలు తొక్కేవాళ్ళ ప్యాంటు ఒకచోట అరుగుతుంది, బల్ల ముందు కూర్చుని రాసేవాళ్ళ చొక్కా మోచేతి దగ్గర అరుగుతుంది. మోకాళ్ళ దగ్గర మాత్రమే పలచబడిన పైజామా చూసి, ఇది ఐదుపూటలా నమాజు చేసే మనిషిదని చెప్పేదాన్ని. తెచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. ఆ ఆశ్చర్యం నాకు బాగా అలవాటైపోయింది.

ఆ నెలలో ఒక పిల్ల ఆటో దిగి, చేతికర్ర ఊనుకుంటూ వచ్చింది. పేరు రూతు, ఊరు ఎర్రగుంట్ల. ఇరవై ఏడేళ్ళు ఉంటాయేమో. హైదరాబాదులో బొమ్మల సినిమాలు చేసే పని మానుకుని వచ్చి, సొంతంగా ఆరు నిమిషాల సినిమా తీస్తున్నానని చెప్పింది. సంచిలోంచి జానెడు బొమ్మ తీసి నా ముందు పెట్టింది. లోపల ఇనుపతీగతో చేసిన ఎముకలగూడు, దాన్ని ఆర్మేచర్ అంటారట. దానిచుట్టూ గుడ్డపేలికలు కూరి ఒళ్ళు చేస్తారు. బొమ్మను రవ్వంత కదిలించి ఒక ఫోటో, మళ్ళీ రవ్వంత కదిలించి ఇంకొక ఫోటో. అన్నీ వరసగా తిప్పితే బొమ్మ నడిచినట్టు కనబడుతుంది. రోజంతా కష్టపడితే నాలుగు అడుగులు. ఇంత ఓపిక దేనికైనా పనికొచ్చేదాని మీద పెట్టకూడదా అనుకున్నాను.

అది ముసలమ్మ బొమ్మ. ఒంటిమీద గోనెరంగు గుడ్డ, దాని నిండా బొక్కలు.

"ఏం కత పాపా ఇది?"

"లోకం అయిపోయినాక జరిగే కత అవ్వా. నీళ్ళు ల్యా, మనుషులు ల్యా. ఈమె ఒక్కతే నడుస్తా ఉంటాది."

"కడాకు ఏమైతాది?"

"కూలబడిపోతాది."

"పిల్లోళ్ళు చూసే బొమ్మలాటలో సావులేంది? ఒక మొలకన్నా పెట్టు, రోంత వానన్నా కురిపీ. ఎండిపోయింది చూడాలంటే సినిమా ఏంటికి? ఇప్పుడు పెన్నేటి కాడికి పోతే ఊరికే చూడొచ్చు."

ఆ పిల్ల నవ్వింది. తర్వాత బొమ్మ తల నిమురుతూ చెప్పింది.

"మొదట మొలక పెట్టినా అవ్వా. మళ్ళ తీసేసినా. కరోనాలో మాయమ్మ పోయినాది. నేను హైదరాబాదు నుంచి వచ్చేలోపల పూడ్చేసినారు, మొగం కూడా చూల్యా. దోవ పొడుగునా ఒక్క మనిషి ల్యా. అప్పుడు నాకు లోకం ఇట్లే ఉండె. నేను చేసే నవ్వే బొమ్మల్ని నేనే చూల్లేకపోతి. లోకం పోయినాక కూడా బొమ్మలు నడుస్తా ఉండే సినిమాలు ఉంటాయి, శానా చీకటిగా ఉంటాయి. తలుపేసుకుని అవే చూస్తా ఉంటి. అవే తోడు."

బొమ్మను చేతిలోకి తీసుకున్నాను. నాకు తెలిసిన పనిలోకి వచ్చాను.

"ఈ బొక్కలు యట్ల చేసినావు?"

"గరుకు కాగితం పెట్టి రుద్దినా. టీ నీళ్ళలో నానబెట్టినా."

"అబద్ధం బొక్కలు ఇవి. రొమ్ము మింద ఎవురికన్నా ఇట్ల అరుగుతాదా? సంక కింద అరుగుతాది, నడుము కాడ అరుగుతాది, కుచ్చిళ్ళు నేలకు రాసుకునే కాడ అరుగుతాది. ఎవురన్నా నిజంగా కట్టిడిసిన కోక తెచ్చుకో, కుట్టిస్తా."

"తెస్తే, యాడ కత్తిరించాల్నో చెప్పాల్నా అవ్వా?"

"నువ్వు చెప్పే పన్లే. గుడ్డే చెప్తాది నాకు."

వారం తిరిగేలోపు ఆకుపచ్చ నూలుకోక ఒకటి తెచ్చింది, పసుపు అంచుది. "మాయమ్మది. మిగతావన్నీ పంచేసినారు, ఇదొక్కటే మిగిలినాది. బొమ్మకు దీన్నే కట్టాల" అంది. నేను ఇంకేమైనా అడుగుతానేమోనని కాసేపు చూసింది. నేను అడగలేదు. బొమ్మను కూడా నా దగ్గరే వదిలి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

కోకను వసారాలో పరిచి చూశాను. కొంగు గట్టిగా ఉంది. ఎడమ నడుము మీదికి వచ్చేచోట మాత్రం గుడ్డ పలచబడి, శనగగింజంత బొక్కలు నాలుగైదు వరసగా ఉన్నాయి. వాటిచుట్టూ తుప్పు మరకలు. ఇనుపపెట్టెలో మేకు తగిలి ఉంటుందని అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, తేల్చేశాను. తుప్పు పట్టిన నూలుకు కుట్టు నిలవదు, సూది దిగితే పొడిగా రాలుతుంది. మా పనిలో ముందు దాన్ని కత్తిరించి తీసేయాలి. అదే చేశాను. బొమ్మకు కోక కొంగులోంచి తీశాను. తుప్పు ముక్కనూ పారేయలేదు, నేను దేన్నీ పారేయను. పెద్ద ముక్కలు కూరితే గడ్డలు కడతాయి కాబట్టి గోరంత గోరంత పేలికలుగా కత్తిరించి బొమ్మ కడుపులో కూరి కుట్టేశాను. రవ్వంత గుడ్డ కూడా వృథా కాలేదని తృప్తిపడ్డాను.

రూతు వచ్చింది. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కోక కట్టింది. ఎడమ నడుము దగ్గర వేళ్ళతో తడిమింది. తిప్పి మళ్ళీ తడిమింది.

"అవ్వా, ఈడ తుప్పు మరకలు ఉండె కదా. యాడ?"

"తీసేసినా. మేకు తగిలి పట్టినట్టుండాది, ఆడ కుట్టు నిలవదు. పారేయలే, బొమ్మ కడుపులోనే ఉండాయి."

బొమ్మను పక్కన పెట్టింది. తర్వాత తన ఎడమకాలు చూపించింది. మణికట్టంత సన్నంగా ఉంది.

"పుట్టినప్పటి నుంచి ఇట్లే. చిన్నప్పుడు ఇనుపపట్టీల బూటు ఏసినారు. మాయమ్మ బండల ఫ్యాక్టరీలో పనికి పోయే ముందు నన్ను సంకన ఎత్తుకుని బడికాడ దింపుతాండె. ఐదో తరగతి దాకా. ఈ కోకతోనే. ఆ బూటు బకిల్ రాసుకుని పడిన బొక్కలవి. చెమటకు తుప్పు పట్టినాది."

"ముందే ఒక మాట చెప్పకూడదా పాపా."

"గుడ్డే చెప్తాదంటివి కదవ్వా."

బొమ్మ కడుపు విప్పాను. పేలికలన్నీ తాంబాళంలో పోసి, ఇద్దరం కూర్చుని తుప్పు ఉన్నవి ఏరాం. అంచుకు అంచు కలిపి చూశాం. ఏదీ దేనికీ కలవలేదు. కత్తిరించేటప్పుడు నేను అంత శ్రద్ధగా కత్తిరించాను.

అప్పుడింకొక తెలివితక్కువ మాట అన్నాను. "మిగిలిన కోకలో అదే కొలతకు బొక్కలు చేసి, మేకూ చింతపండు నీళ్ళూ పెట్టి అట్లాంటి మరకలే ఏసిస్తా. చూసేటోళ్ళకు తెలీదు."

"అబద్ధం బొక్కలైతాయి కదవ్వా" అంది.

ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. పేలికల్ని తనే ఒక్కొక్కటి తీసి మళ్ళీ బొమ్మ కడుపులో పెట్టింది. "కుట్టెయ్" అంది. కుట్టేశాను. ఆరోజు సూదిలో దారం ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది.

మరుసటి ఏడు రూతు ఫోను చేసి, సినిమా అయింది, రమ్మని పిలిచింది. ఎర్రగుంట్లలో వాళ్ళ చర్చి పక్క హాలులో కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, గోడకు తెల్లదుప్పటి వేలాడదీశారు. నలభైమంది దాకా ఉన్నారు, సగం పిల్లలే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

సూర్యుడు లేని ఆకాశం. నేలంతా తెల్లగా పగుళ్ళు. బండలు పాలీషు పట్టేచోట కారే తెల్లటి బురదను ఎండబెట్టి ఆ నేల చేసిందట, వాళ్ళమ్మ పనిచేసిన చోటునుంచే తెచ్చి. దానిమీద ఆకుపచ్చ కోక కట్టిన ముసలమ్మ నడుస్తోంది. కోకకు మరక లేదు, బొక్క లేదు. కానీ ఆమె ఎడమ నడుము పక్కకు వంచి నడుస్తోంది. ఎడమచెయ్యి దేన్నో చుట్టి పట్టుకున్నట్టు వంగి ఉంది. ఆ చేతిలో ఏమీ లేదు. ఆరు నిమిషాలూ అంతే. కూలిన ఇళ్ళు దాటింది, ఎండిన బావి దాటింది, ఎక్కడా చెయ్యి దించలేదు. చివరికి కూలబడి, ఆ పగుళ్ళ మీదనే ఒరిగిపోయింది. అప్పటికీ ఆ చెయ్యి అట్లాగే వంగి ఉంది.

ముందు వరసలో ఒక చిన్నపిల్ల అడిగింది. "మా, ఆ అవ్వ ఎవుర్ని ఎత్తుకున్యాది?"

"ఎవురూ ల్యారు, ఊరుకో" అంది తల్లి.

రూతు నావైపు చూడలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను ముక్కలు చేసిన గుర్తును రూతు ఫోటో వెనక ఫోటోగా, నెలల తరబడి కూర్చుని, నడకలో పెట్టింది.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ కోసం మిషను పక్కకు జరిపి తుడుస్తుంటే, పెడలు కింద గోరంత ఆకుపచ్చ పేలిక దొరికింది. దానికి తుప్పు మరక ఉంది. వెంటనే రూతుకు ఫోను చేసి, ఎవరిచేతనైనా పంపిస్తానని చెప్పాను.

"నీ కాడే ఉండనీ అవ్వా" అంది. "గుడ్డ తెచ్చినోళ్ళను అడిగేది మర్చిపోతావేమో."

అది నా సూదుల డబ్బాలో ఉంది. దేన్నీ పనికి రాకుండా ఉంచని నా ఇంట్లో ఏ బొంతలోకీ వెళ్ళకుండా ఉన్న గుడ్డ అదొక్కటే. ఇప్పుడు ఎవరు ఏ బట్ట తెచ్చినా, ఇది ఎవరిదో నాకు తెలుసని చెప్పను. "ఇందులో ఏది ఉంచాల?" అని అడుగుతాను. కొందరు వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. కొందరికి చెప్పడానికి చాలాసేపు పడుతుంది. వాళ్ళు చెప్పేదాకా కత్తెర కింద పెట్టి కూర్చుంటాను.