ఎండిపోయిన చేపపిల్లలు

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో నేను విశాఖలో చదువుతున్నాను. సముద్రపు చేపలు ఎప్పుడు, ఎక్కడ గుడ్లు పెడతాయన్నది నా పరిశోధన. నెలనెలా పడవలో వెళ్లి, సన్నని వలతో అప్పుడే పుట్టిన చేపపిల్లల్ని పట్టి, పాడవకుండా ఫార్మలిన్ పోసిన సీసాల్లో దాచేదాన్ని.

ఒకరోజు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది.

"గీ లొల్లిల నీకేమన్న అయితే ఎట్ల బిడ్డా? జర ఇంటికి రా."

ఆ కంగారులో కొన్ని సీసాల మూతలు సరిగా బిగించకుండానే బయలుదేరాను. ఇంటికి చేరాక బంద్‌ల మీద బంద్‌లు. అమ్మ నన్ను కదలనివ్వలేదు. నెలన్నర అక్కడే ఉండిపోయాను.

తిరిగొచ్చి చూస్తే ఫార్మలిన్ ఆవిరైపోయి, చేపపిల్లలు సీసాల అడుగున పొట్టులా అంటుకుపోయి ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద పెట్టినా ఏ చేప పిల్లలో గుర్తుపట్టలేకపోయాను. గుడ్లు పెట్టే కాలం కూడా దాటిపోయింది.

మా గైడ్ ఒక సీసాను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు.

"మళ్లీ ఏడాది పడుతుందమ్మా" అన్నారు.

నాకు అంత గడువు లేదు. పరిశోధన అక్కడితో ఆగిపోయింది.

ఆ వారం అమ్మ ఫోన్‌లో అడిగింది. "నీ చేపలు మంచిగున్నయా బిడ్డా?"

"మంచిగనే ఉన్నయమ్మా" అన్నాను. ఆమె బతికున్నన్నాళ్లూ నిజం చెప్పలేదు.